వాలుగ దవడతో దువ్విన ఆకులు

నీళ్ళలో మొక్క నాటడమంటే వరి నాటడమే అనుకున్నాను. రాజాం దగ్గర పల్లెలో పుట్టి, ఆకుమళ్ళూ ఉడుపులూ చూస్తూ పెరిగినదాన్ని. పైగా వాల్తేరులో వృక్షశాస్త్రం చదివి పట్టా పుచ్చుకున్నదాన్ని. పొలమూ తెలిసి, పుస్తకమూ తెలిసినదానికి ఇంకొకరు వచ్చి చెప్పేదేముంటుంది? ఇరవై మూడేళ్ళ వయసులో నా పొగరు అలా ఉండేది. ఆ పొగరు వల్ల ఒక మనిషి ఉద్యోగం పోయినంత పనయింది. ఇన్నేళ్ళయినా అది తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది, ఆ మనిషి చేతులు తలుచుకుంటే మాత్రం మనసు చల్లబడుతుంది.

అరవైల చివరి మాట. శ్రీకాకుళంలో ఒక ఆడపిల్లల కాలేజీలో డిమాన్‌స్ట్రేటరుగా చేరాను. పిల్లల చేత ప్రాక్టికల్సు చేయించడం నా పని. మా కాలేజీలో డిగ్రీ క్లాసులు పెట్టుకోనివ్వాలో వద్దో తేల్చడానికి వచ్చే నెలాఖరున యూనివర్సిటీ నుంచి పెద్దమనుషులు వస్తున్నారని కబురు వచ్చింది. లేబరేటరీలో చూపించడానికి మా దగ్గర ఎండిపోయిన ఆకులు అంటించిన అట్టలు తప్ప మరేం లేవు. అందుకని ప్రిన్సిపాల్ గారు విశాఖపట్నం నుంచి ఒక గాజు తొట్టి తెప్పించారు. ఇనప చట్రానికి నాలుగువైపులా అద్దాలు బిగించి, సందుల్లో పుట్టీ పెట్టిన తొట్టి. నాలుగడుగుల పొడుగు, ఒకటిన్నర అడుగు లోతు. అందులో నీటిమొక్కలు పెంచి, చిన్న చేపలు వదిలి, చూసినవాళ్ళ కళ్ళు చెదిరేలా చెయ్యమని నాకు అప్పజెప్పారు. సాయానికి లేబరేటరీ ఆయాను ఇచ్చారు.

ఆమెకు అప్పటికి నలభై దాటి ఉంటాయి. పుట్టిల్లు పొందూరు. సన్నదారం వడికే ఇంట్లో పుట్టింది. శ్రీకాకుళం కోడలై వచ్చింది. భర్తకు బియ్యం మిల్లులో పని ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఆమెను టెంపరరీ కింద తీసుకున్నారు, ఏడాది తిరిగితే ఖాయం చేస్తామన్నారు. ఆ ఏడాది నిండడానికి ఇంకో రెండు నెలలే ఉంది. "మా యమ్మకి రాట్నం కాడే కళ్ళు పోనాయమ్మా. నాకూ సీకటవుతున్నాది. ఈ నౌకరీ నిలబడితే మల్లీ రాట్నం ముట్టుకోను" అని నాతో ఒకసారి అంది. నేను ఆమెను అప్పా అని పిలిచేదాన్ని. మా వైపు అక్కను అలాగే పిలుస్తాం.

తొట్టిని చూసి ఆమె అన్న మొదటి మాట, "ఇదేటమ్మా, నీళ్ళకి అద్దాల మేడ కట్టించినారు."

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు నేను ఆరోజే పని మొదలుపెట్టేశాను. నాగావళి ఒడ్డున నీళ్ళు నిలిచిన చోట రిబ్బన్లలాగా పొడుగాటి ఆకులుండే మొక్క దొరుకుతుంది. వాలిస్నేరియా అని పుస్తకాల్లో ఉండే మొక్క అదే. అదొక గంపెడు, చెరువుల్లో కణుపు కణుపుకీ చిన్న ఆకులతో పెరిగే మామూలు నాచు ఒక గంపెడు తెప్పించాను. వరికి ఏం చేస్తాం? ముందు మడిలో గెత్తం తోలతాం. నేనూ అదే చేశాను. ఊరికి వెళ్ళే బస్సులో చెప్పి పంపి, మా ఇంటి పెంటపోగులో మాగిన పశువుల గెత్తం ఒక గోనెడు రప్పించి, తొట్టి అడుగున బెత్తెడు మందాన పరిపించి, దానిమీద ఏటి ఇసుక పోయించాను.

గెత్తం పోసేటప్పుడు అప్ప చేతిలో తట్ట ఆగింది. "అమ్మా, ఇందల సేపలు కూడా ఒగ్గుతాం కదా" అంది.

"మొక్కకి తిండి వద్దేటి? మా నాన్న పొలంలో ఏం వేస్తారో నాకు తెలీదా? నువ్వు పొయ్యి" అన్నాను. కోపం వస్తే నాకూ ఊరి మాట వచ్చేస్తుంది.

ఆమె తట్ట వంచేసింది.

తరవాత నాట్లు. వరి ఆకు కొనలు తుంచి నాటుతారు కాబట్టి నేను ఆ రిబ్బను మొక్కల కొనలన్నీ కత్తిరించేశాను. నాలుగేసి మొక్కలు గుత్తిగా పట్టుకుని, బొటనవేలితో లోతుగా నొక్కి నాటాను. మోచేతులదాకా చేతులు ముంచితే నీళ్ళు పొర్లి నా చీర తడిసింది. ఇటు నాలుగు గుత్తులు నాటితే అటు రెండు గుత్తులు లేచి పైకి తేలేవి. వాటిని మళ్ళీ ఇంకా లోతుగా నొక్కేదాన్ని. సాయంత్రానికి తొట్టి నిండా వరసలు తీరిన నాట్లు. దూరంగా నుంచుని చూసి, మా నాన్న చూస్తే సంతోషిస్తాడనుకున్నాను.

నాలుగో రోజుకి నీళ్ళు గంజిలా అయ్యాయి. ఆరో రోజుకి లేబరేటరీ తలుపు తీయడానికి లేదు, కంపు. నేను కొనలు కత్తిరించిన ప్రతి ఆకూ కోసినచోటునుంచి గోధుమరంగుకి తిరిగి కుళ్ళుతోంది. లోతుగా నొక్కిన మొక్కల మొదళ్ళు ఇసుకలోనే మగ్గిపోయి, ముట్టుకుంటే ఊడి వచ్చాయి. వదిలిన చిన్న పరిగె చేపలన్నీ వెల్లకిలా తేలాయి. ఆ సమయానికే ప్రిన్సిపాల్ గారు పమిటచెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని లోపలికి వచ్చారు.

"అడుగున ఏం వేశారు ఇందులో?" అన్నారు.

చెప్పాలనే అనుకున్నాను, మాట గొంతులోకి వచ్చింది కూడా. ఈలోగా నా వెనకనుంచి, "గెత్తం అమ్మగోరూ. నానే ఏసినాను" అని అప్ప గొంతు వినిపించింది.

ఆవిడ వెంటనే నమ్మేశారు. నమ్మడానికి ఆవిడకి ఒక్క క్షణం కూడా పట్టలేదు. "పేడకీ ప్రయోగానికీ తేడా తెలీని మనిషిని లేబరేటరీలో పెట్టుకున్నాం" అని, నెలాఖరుదాకా ఉండి మానెయ్యమని అక్కడికక్కడే చెప్పేశారు. నేను ఆ కుళ్ళిన తొట్టి పక్కన దిష్టిబొమ్మలా నిలబడిపోయాను. నాకు అంతకు ముందూ ఆ తరవాతా అంత సిగ్గుపడ్డ సందర్భం లేదు.

ఆవిడ వెళ్ళాక, "ఎందుకలా చెప్పావు అప్పా?" అని ఏడుపు గొంతుతో అడిగాను.

"మీ మీద మాటొస్తే రేపు పిల్లలు మీ మాట ఇంతారేటి? నాకేటి, నా మాట సీపురు ఇంటాది" అంది.

"ఇప్పుడే వెళ్ళి నిజం చెప్పేస్తాను."

"ఇప్పుడెల్తే ఇద్దరమూ పోతాం. తొట్టి సూసేవోలు నేకుండా పోతారు. ముందు దీన్ని బాగు సెయ్యనియ్యండి. ఈపాలి నా సేత్తో నాటుతాను."

నేను ఆ మాట పట్టుకుని వేళ్ళాడాను. తొట్టి బాగుపడ్డాక చెబుదాం, మంచి సమయం చూసి చెబుదాం అని రోజుకొకసారి నాకు నేనే వాయిదా ఇచ్చుకున్నాను. పిరికితనానికి ఎప్పుడూ మంచి కారణం ఒకటి దొరుకుతుంది.

ఆమె ముందు తొట్టి ఖాళీ చేసింది. గెత్తమంతా ఎత్తి కాలేజీ తోటలో బంతిమొక్కలకు వేసింది. ఏటి ఇసుకను బియ్యం కడిగినట్టు చేటెడు చేటెడు కడిగింది, కడుగు నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగింది. అద్దాలు ముగ్గుపొడితో తోమింది. మూడో రోజున ఒక రేకు బిస్కెట్ల డబ్బా తెచ్చి నా బల్లమీద పెట్టి మూత తీసింది. అందులో నాలుగు వస్తువులున్నాయి.

మొదటిది కంసాలి పటకారు. మామూలు దానికంటే పొడుగు, మూరెడుంటుంది. కొలిమిలోంచి బంగారం కరిగించే మూస తీసేటప్పుడు చెయ్యి కాలకుండా వాడేదట. ముక్కు అరిగిందని వాళ్ళ వీధి కంసాలి పక్కన పడేస్తే అడిగి తెచ్చింది. రెండోది పాత గొడుగు ఊచ. దాని కొన చీల్చి, రెండు పాయలుగా వంచింది. మూడోది సెలూనులో పారేసిన కత్తెర. దాని మూతిని కొలిమిలో పెట్టించి కాస్త పక్కకి వంగేలా కొట్టించింది. నాలుగోది బట్టలో చుట్టి ఉంది. విప్పితే ఒక ఎముక. వేలెడు పొడుగు, అంచుపొడుగునా సన్నని పళ్ళు, వాడివాడి నున్నగా పసుపురంగుకి తిరిగింది.

"ఇదేమిటి?"

"వాలుగ సేప దవడ. మా యమ్మది" అంది.

పొందూరులో దారం వడికే ముందు పత్తిని దీనితోనే దువ్వుతారని నాకు తెలుసు. గింజకి అంటుకున్న దూదిపోగుల్ని దవడ పళ్ళతో దువ్వితే చెత్తంతా రాలిపోయి పోగులు తిన్నగా పడుకుంటాయి. కానీ తొట్టిలో మొక్కలకి దువ్వెన ఎందుకో నాకు అర్థం కాలేదు. ఎమ్మెస్సీ చదివినదాన్ని కాబట్టి అడగలేదు.

నాటే రోజున ఆమె తొట్టిని నిండా నింపనివ్వలేదు. ఇసుకమీద నాలుగు వేళ్ళ నీళ్ళు ఉంచింది. ఏటినుంచి మళ్ళీ తెచ్చిన మొక్కల్లోంచి ఒక్క మొక్క తీసుకుంది. గుత్తి కాదు, ఒక్కటే. మొక్క వేళ్ళను బొటనవేలంత పొడుగుకి కత్తిరించి, కుళ్ళిన ఆకును కొన దగ్గర కాకుండా అడుగంటా తీసేసింది. వేళ్ళను పటకారు ముక్కులో నిలువుగా ఇరికించి, ఇసుకలోకి ఏటవాలుగా దించింది. దించిన తరవాత పటకారు వెంటనే తీసెయ్యలేదు. కాస్త వదులుచేసి, మెల్లిగా కదుపుతూ, ఇసుక వేళ్ళమీదికి జారాక బయటికి లాగింది. ఆ పైన మొక్కను పట్టుకుని చిటికెడు పైకి ఎత్తింది. మొదలు తెల్లగా ఇసుకపైన కనిపించింది.

"నాటినాక మల్లీ లాగుతావేం?" అన్నాను.

"లోతుకెల్తే దీనికి ఊపిరాడదు. మొదలు పైకుంటేనే పిలక పెడతాది" అంది.

నేను నూరు మొక్కల మొదళ్ళు పూడ్చి చంపాక నాకు ఆ సంగతి తెలిసింది. వరి మడిలో మోకాళ్ళలోతు బురద మొక్కను పట్టుకుంటుంది. ఇసుకకి ఆ పట్టు లేదు, దానికి నొక్కుడు పనికిరాదు, ఒడుపు కావాలి. నాచు రెమ్మలకి పటకారు కూడా మోటే. వాటిని గొడుగు ఊచ చీలికలో నిలబెట్టి ఇసుకలోకి దిగవిడిచి, ఊచను వెనక్కి లాక్కునేది. రెమ్మ నిలబడేది, ఊచ వచ్చేసేది, నీరు కలగేది కాదు. నేను ప్రయత్నిస్తే రెమ్మా ఊచా కలిసి వచ్చేసేవి. ఆమె నవ్వేది. "మీరు దాన్ని లాగుతున్నారు. ఒగ్గీయాల" అనేది.

నాటడం అయ్యాక మెల్లిగా తొట్టి నిండా నీళ్ళు పోశాం. రెండు వారాలకి మొక్కలు పట్టుకున్నాయి, కొత్త పరిగెల్ని వదిలాం. ఇసుక కిందనుంచి తీగలు పాకి పిలకలు వచ్చాయి. ఇక కత్తెర పని మొదలయింది. వంగిన మూతి కాబట్టి ఆకుల మధ్యకి పక్కనుంచి వెళ్ళేది, పక్కమొక్కకి తగిలేది కాదు. తల్లికీ పిలకకీ మధ్య తీగను, పిలకకి నాలుగు ఆకులు వచ్చాకే కత్తిరించేది. అంతకుముందు కత్తిరిద్దామంటే, "పాలు మాననియ్యండమ్మా" అనేది. నాచు పెరిగి నీటిమీద పరుచుకుంటే కణుపుకి కాస్త పైన కోసి, ఆ కోసిన తలనే తెచ్చి ఖాళీచోట నాటేది. అడుగున మిగిలిన మోడు రెండు కొమ్మలు వేసేది. ఒక్క కోతతో మూడు మొక్కలు. నేను పుస్తకంలో చదివి పరీక్షలో రాసిన సంగతే ఇది, కానీ ఒక మనిషి చెయ్యగా చూడ్డం అదే మొదలు.

ఒకరోజు ఒక మొక్క మధ్యలోంచి జడకుచ్చు తీగలా మెలికలు తిరిగిన కాడ ఒకటి లేచింది. జబ్బేదో అనుకుని కత్తిరించమన్నాను. ఆమె కత్తెర తీసుకోలేదు. "ఇది పైకి సూస్తున్నాది. సూడనియ్యండి" అంది. రెండు రోజుల తరవాత ఆ కాడ చివర, సరిగ్గా నీటిమట్టాన, గోరంత పువ్వు విచ్చింది. మెలికల కాడతో నీటిపైకి వచ్చే ఆ ఆడపువ్వు బొమ్మ ప్రతి వృక్షశాస్త్రం పుస్తకంలోనూ ఉంటుంది. నేను దాన్ని కనీసం పదిసార్లు గీసి మార్కులు తెచ్చుకున్నాను. ఎదురుగా కనిపిస్తే గుర్తుపట్టలేదు.

ఇక వాలుగ దవడ సంగతి. కిటికీ ఎండకి మూడోవారంలో ఆకులమీద పాచి పట్టింది. సన్నని పచ్చని దారాల్లాంటి పాచి. గుడ్డతో తుడిస్తే ఆకు చిరుగుతుంది, చేత్తో లాగితే మొక్క లేచి వస్తుంది. నేను తల పట్టుకు కూర్చుంటే అప్ప బట్టలోంచి ఆ ఎముక తీసింది. ఎడమచేత్తో ఆకు అడుగున పటకారుతో అదిమిపట్టి, కుడిచేత్తో దవడను మొదటినుంచి కొసదాకా నడిపింది. బరువు పెట్టలేదు. పాచి మొత్తం దవడ పళ్ళకి చుట్టుకుని వచ్చేసింది, ఆకుమీద గీత కూడా పడలేదు. మళ్ళీ ఒక ఆకు, మళ్ళీ ఒకటి. ఆమె కళ్ళు తొట్టిమీద లేవు, కిటికీలోంచి బయటికి చూస్తున్నాయి. వేళ్ళే చూసుకుంటున్నాయి. నేను పాఠం మానేసి, పిల్లలందరినీ చుట్టూ నిలబెట్టి ఆ చేతుల్ని చూపించాను. రాట్నం ఆమె కళ్ళు కొంత తీసుకుంది గానీ, ఆ వేళ్ళకి ఇచ్చినది కూడా తక్కువేం కాదు. అటువంటి పనితనం నేను మళ్ళీ చూడలేదు.

"చేపల ముందే చేప ఎముక పెడుతున్నావు, భయపడవూ?" అని వేళాకోళం ఆడాను.

"ఎందుకమ్మా భయం. నీళ్ళల్ల పుట్టింది, నీళ్ళకే వచ్చింది" అంది.

నెలాఖరు రోజు రానే వచ్చింది. యూనివర్సిటీ నుంచి ముగ్గురు వచ్చారు. వాళ్ళలో పెద్దాయన వృక్షశాస్త్రం ప్రొఫెసరు. ఎండు ఆకుల అట్టల్ని మొహమాటానికి చూసి, తొట్టి దగ్గరకి వచ్చి ఆగిపోయారు. ఆకులు పచ్చగా నిటారుగా నిలబడి ఉన్నాయి, వాటి సందుల్లో పరిగెలు తిరుగుతున్నాయి, నీటిమీద ఆ పువ్వు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. "ఇది ఎవరు చేశారమ్మా?" అన్నారు.

"మా డిమాన్‌స్ట్రేటరే దగ్గరుండి చేయించిందండీ" అన్నారు ప్రిన్సిపాల్ గారు సంతోషంగా. ఆయన నావైపు తిరిగి, చాలా శ్రద్ధగల అమ్మాయివి అన్నారు.

అప్ప తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆరోజుతో ఆమె పని సరి. బిస్కెట్ల డబ్బా చంకలో పెట్టుకుని, వీళ్ళు వెళితే తానూ వెళ్దామని చూస్తోంది. నావైపు చూడడం లేదు. చూసి ఉంటే నేను తల దించుకునేదాన్నేమో తెలీదు. చూడకపోవడమే నన్ను పొడిచింది.

"నేను చెయ్యలేదండీ" అన్నాను. గొంతు కావలసినదానికంటే గట్టిగా వచ్చింది. "నేను చేసింది గెత్తం వేసి కుళ్ళబెట్టడం. మొక్కల తలలు కోసిందీ, మొదళ్ళు పూడ్చిందీ, చేపల్ని చంపిందీ నేనే. తప్పు తనమీద వేసుకున్నది ఆమె. దీన్ని మళ్ళీ నిలబెట్టింది కూడా ఆమే. నెలరోజులనుంచి నోరు మూసుకున్నది మాత్రం నేను."

ప్రిన్సిపాల్ గారి ముఖం ఎర్రబడింది. ప్రొఫెసరు గారు అప్ప దగ్గరికి వెళ్ళి, ఆ డబ్బాలో ఏముందమ్మా అని అడిగారు. ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూశారు. వాలుగ దవడను వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. ఆమె చేత ఒక ఆకు దువ్వించి చూసి, వెళ్ళేముందు నమస్కారం పెట్టారు.

వాళ్ళ కారు వెళ్ళాక ప్రిన్సిపాల్ గారు మా ఇద్దరినీ గదిలోకి పిలిచారు. చేసిన పాపం చెబితే పోతుందంటారు గానీ, నా ఉద్యోగం కూడా పోయినట్టే అనుకున్నాను. ఆవిడ నన్ను వదిలేసి అప్పనే అడిగారు.

"చెయ్యని తప్పు చేశానని నాతో ఎందుకు అబద్ధం ఆడావు?"

"అబద్దం ఆడనేదమ్మగోరూ" అంది అప్ప. "మా అత్తోరి ఊర్ల వానకి గుంటలోకి పెంట కొట్టుకొచ్చి సేపలు తేలిపోడం సూసినాను. ఏస్తే సస్తాయని నాకు తెలుసు. తెలిసీ తట్ట వంచినాను. ఈయమ్మకి తెలవదు. తెలిసినోలదే కదమ్మా తప్పు."

ఎమ్మెస్సీ పట్టా ఉన్నదాన్ని నేను. తెలియనిదాన్నని ఆమె అంత మామూలుగా, ఏ కోపమూ లేకుండా చెప్పేసింది. అది నిజం కాబట్టి నాకు రోషం కూడా రాలేదు. చేతిలో తట్ట ఆగిన ఆ క్షణాన ఎందుకు ఆగావని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది.

ప్రిన్సిపాల్ గారు కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టారు. "రేపు వేళకి రా. ఇకమీద తొట్టి తాళంచెవి నీ దగ్గరే ఉండాలి" అని ఆమెతో అన్నారు. నాతో, "నువ్వు ఈమె దగ్గర పని నేర్చుకో. నేర్చుకునేదాకా ఒంటరిగా ఆ తొట్టిలో చెయ్యి పెట్టకు" అన్నారు.

మర్నాడు పొద్దున్నే అప్ప నా చేతికి కంసాలి పటకారు ఇచ్చి, పక్కన నిలబడింది. ఒక్క మొక్క పట్టుకుని, ఊపిరి బిగబట్టి ఇసుకలోకి దించాను.

"లోతయిపోనాది. కాసింత పైకి లాగండి" అంది.

లాగాను.